కథకు ముగింపు లేదు... సినిమాకు ఉండాలి!

2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ మన థియేటర్లలోకి వచ్చింది. జపనీస్, ఇంగ్లిష్‌తోపాటు హిందీ, తమిళం, తెలుగుల్లో కూడా. రెండున్నర గంటలు దాటిన యానిమేషన్ సినిమా. అయితే ఇందులో పరిచయాలు ఉండవు. మొదలైన కాసేపటికే కత్తులు పట్టుకున్న కుర్రాళ్లంతా అడుగు కనిపించని ఒక మాయాకోటలోకి జారి పడిపోతుంటారు. వాళ్లెవరో, ఎందుకు పడుతున్నారో ఎవరూ చెప్పరు. పిల్లల వెంట వెళ్లిన నాన్న “ఆ అడవిపంది తలకాయ పెట్టుకున్నవాడెవడ్రా?” అని అడిగితే, “అది తెలియాలంటే ముందు నాలుగు సీజన్లు చూడాలి నాన్నా” అన్నదే జవాబు. పోనీ చివరికైనా కథ తేలుతుందా అంటే అదీ లేదు. అసలు విలన్ చెక్కుచెదరకుండా కూర్చునే ఉంటాడు. ఎందుకంటే ఇది మూడు సినిమాల్లో మొదటిది!

మొదలు లేదు, ముగింపు లేదు. అయినా జపాన్‌లో ఈ సినిమా వసూళ్లు 3,000 కోట్ల యెన్‌లు దాటాయి. ఇదేం చోద్యం అనిపించొచ్చు. ఈ చోద్యం వెనక పాతికేళ్లకు పైబడిన ఒక తంటా ఉంది. వారం వారం వచ్చే బొమ్మల కథ అయిపోకూడదు. సినిమా మాత్రం రెండు గంటల్లో అయిపోవాలి. ఈ రెండింటికీ ముడి వేసేదెలా?

వారపత్రిక చేతిలో ప్రాణం

మాంగా అంటే జపనీస్ బొమ్మల కథ. పెద్ద పెద్ద మాంగాలు చాలావరకు పుట్టేది వారపత్రికల్లోనే. వాటిలో రారాజు షూఎయిషా సంస్థ ప్రచురించే ‘వీక్లీ షోనెన్ జంప్’. 1990ల మధ్యలో ఒక్క సంచిక 65 లక్షల కాపీలు దాటి అమ్ముడుపోయిన రోజులున్నాయి దానికి. ఒక్కో సంచికలో ఇరవై దాకా సీరియళ్లు, ఒక్కోదానికి వారానికి సుమారు ఇరవై పేజీలు. వీక్లీ సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసిన మన పాఠకులకు ఈ రుచి కొత్త కాదు. ‘తరువాయి వచ్చేవారం’ అన్న మాటలో ఎంత హింస ఉందో మనకీ తెలుసు.

అయితే జంప్‌లో ఇంకో సంగతి ఉంది. పత్రికతోపాటు ఒక పోస్టుకార్డు వస్తుంది. ఈ వారం నచ్చిన మూడు సీరియళ్లు ఏవో రాసి పంపమంటారు. ఓట్లు పడని సీరియల్‌ని కొన్ని నెలల్లోనే చుట్టబెట్టేస్తారు, రచయిత ఎంత మొత్తుకున్నా సరే. ఓట్లు పడిందా, ఇక దాన్ని ఆపడం కష్టం. ‘వన్ పీస్’ రచయిత ఐచిరో ఓడా 1997 జులైలో కథ మొదలుపెట్టినప్పుడు ఐదేళ్లలో ముగించేద్దామనుకున్నాడు. నూరో సంపుటం 2021లో వచ్చింది. కథ ఇంకా సాగుతూనే ఉంది!

మాంగా కాస్త నిలదొక్కుకోగానే దాన్ని టీవీ సీరియల్‌గా తీస్తారు. అది మాంగా వెనకాలే నడవాలి, దాటిపోకూడదు. ఆ టీవీ సీరియల్ బాగా ఆడితే అప్పుడు సినిమా. అంటే సినిమావాళ్ల వంతు వచ్చేసరికి వాళ్లకు మిగిలేదేమిటి? హీరోని చంపకూడదు. కొత్త శక్తి ఇవ్వకూడదు. పాత విలన్‌ని ఓడించకూడదు, వాడు మాంగాలో ఇంకా కావాలి. సినిమాలో ఏం జరిగినా వచ్చేవారం పత్రికలో దాని ఊసే ఉండకూడదు. ఏమీ జరగకుండా ఒక సాహస కథ చెప్పమంటే ఎలా చెబుతారు చెప్పండి!

సెలవుల్లో పిల్లల తిరునాళ్ల

మొదట్లో ఈ సమస్యను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తోయే సంస్థ బడి సెలవులకు పిల్లల సినిమాలు రెండు మూడు కలిపి ఒకే టికెట్ మీద వేసేది. దానికి మాంగా పండగ అని పేరు. 1990ల నుంచి అది ‘తోయే యానిమే ఫెయిర్’ అయింది. ‘డ్రాగన్ బాల్’ సినిమాలు చాలావరకు ఈ తిరునాళ్ల సరుకే. చాలావరకు గంట లోపు నిడివి, ఎక్కడి నుంచో ఊడిపడే ఒక కొత్త విలన్, భీకరమైన ఫైటు, చివర్లో అందరూ కలిసి భోజనం. ఆ సినిమా మాంగా కథలో ఎక్కడ జరిగింది అని లెక్క వేస్తే కుదరదు. పిల్లలు అడగనూ లేదు.

ఈ ఊడిపడిన విలన్లలో ఒకడికి మాత్రం అదృష్టం పట్టింది. బ్రోలీ అనేవాడు 1993లో సినిమా కోసమే పుట్టాడు. అసలు మాంగాలో వాడికి చోటు లేదు. జనానికి మాత్రం తెగ నచ్చేశాడు. పాతికేళ్ల తర్వాత, 2018లో, ‘డ్రాగన్ బాల్ సూపర్: బ్రోలీ’ సినిమాకు మూల రచయిత అకిరా తొరియామాయే కూర్చుని స్క్రీన్‌ప్లే రాసి వాడిని అసలు కథలోకి తీసుకున్నాడు. పక్కింటి పిల్లాణ్ని పాతికేళ్లకు దత్తత తీసుకోవడం లాంటిదన్నమాట.

‘వన్ పీస్’ మొదటి సినిమా కూడా తిరునాళ్లలోనే వచ్చింది, 2000 మార్చిలో. నిడివి 51 నిమిషాలు. గడ్డి టోపీ పెట్టుకున్న లూఫీ, రబ్బరులా సాగే అతని ఒళ్లు, ఓడలో అతని నేస్తాలు, ఒక నిధి, ఒక దొంగ. ఆ తర్వాత దాదాపు ఏటా ఒకటి. కొత్త దీవి, కొత్త విలన్, కొత్త అతిథి. సినిమా అయ్యాక ఓడ వెళ్లిపోతుంది, దీవి పటంలోంచి చెరిగిపోతుంది. వీటిలో రెండు మూడు సరదాగానే ఉంటాయి. మిగతావి చూడకపోయినా నష్టం లేదు.

ఆ మొదటి సినిమాతోపాటు అదే టికెట్ మీద ఆడిన రెండో సినిమా ‘డిజిమోన్’. నలభై నిమిషాల ఆ చిన్న సినిమా తీసిన కుర్రాడి పేరు మమోరు హొసోడా. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

తీపి పోస్టర్, చేదు సినిమా

హొసోడా పనితనం చూసి స్టూడియో జిబ్లీ పిలిచింది. ‘హౌల్స్ మూవింగ్ క్యాజిల్’ సినిమాకు దర్శకత్వం వహించమంది. ఏ యానిమేటర్‌కైనా అంతకంటే కావాల్సింది ఏముంటుంది? కానీ పని సాగలేదు. 2002లో హొసోడా బయటికి వచ్చేశాడు. ఆ సినిమాను చివరికి హయావో మియాజాకియే తీశాడు. హొసోడా తిరిగి తోయే గూటికి చేరాడు. అక్కడ చేతికొచ్చిన పని ‘వన్ పీస్’ ఆరో సినిమా, ‘బారన్ ఒమత్సురి, రహస్య దీవి’. అది 2005 మార్చిలో విడుదలైంది.

కథ ఎప్పటిలాగే మొదలవుతుంది. సీసాలో ఒక పటం దొరుకుతుంది. స్నానాల కొలనులు, విందులు, వినోదాలు ఉన్న దీవికి రమ్మని ఆహ్వానం. అక్కడి యజమాని బారన్ ఒమత్సురి నవ్వుతూ ఎదురొస్తాడు. ముందు మా పోటీల్లో గెలవండి అంటాడు. బంగారు చేపలు పట్టే ఆట, పడవ పందెం. పిల్లల సినిమానే కదా అని మనం వెనక్కి వాలతాం.

ఇక్కడి నుంచి హొసోడా నెమ్మదిగా దారం లాగుతాడు. పోటీల్లో నేస్తాల మధ్య మాట మాట వస్తుంది. ఒకరి తప్పు ఇంకొకరి మీద పడుతుంది. జోరో, సాంజీ అరుచుకుంటారు. ఉసోప్ నామి మీద నేరం మోపుతాడు. లూఫీ ఆ గొడవను పట్టించుకోకుండా ముందుకే పోతుంటాడు. ఒక్కొక్కరే మాయమవుతారు. చివరికి లూఫీ ఒంటరి. ఆ ఓడ ఇక్కడ చీలిపోతుంది.

బారన్ చేసేదంతా ఇదే. ఒకప్పుడు అతనికీ ఒక ఓడ, ప్రాణానికి ప్రాణమైన నేస్తాలు ఉండేవాళ్లు. తుపానులో అందరూ పోయారు. ఇతనొక్కడే మిగిలాడు. దీవి కొండ మీద ఉన్న ఒక వింత పువ్వు ఆ చచ్చిపోయినవాళ్లను మొక్కల్లా నిలబెట్టి ఉంచుతుంది, దానికి మేతగా వేరే ఓడలవాళ్లను పడేస్తే చాలు. తన నేస్తాలు లేని లోకంలో ఎవరి నేస్తాలూ ఉండకూడదన్నది బారన్ కక్ష. అతను దుర్మార్గుడే. కానీ అతని దుఃఖం నిజం. ఆ దుఃఖం ముందు లూఫీ ఎప్పుడూ చెప్పే ‘నా వాళ్లు’ అన్న మాట మొదటిసారి కాస్త పిల్లచేష్టలా వినిపిస్తుంది.

జిబ్లీలో తాను ఎదుర్కొన్న అనుభవమే ఈ సినిమాలోకి వచ్చిందని హొసోడా తర్వాత చెప్పుకున్నాడు. తనతో పనిచేద్దామని నమ్మి వచ్చినవాళ్లను నిలబెట్టుకోలేకపోయిన మనిషి తీసిన సినిమా అని తెలిశాక చూస్తే, బారన్ మొహంలో ఇంకోటి కనిపిస్తుంది. పోస్టర్ చూసి పండగనుకుని వచ్చిన పిల్లలు బిత్తరపోయి ఉంటారు, సందేహం లేదు. అభిమానుల్లో ఇది మా ‘వన్ పీస్’ కాదన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నన్నడిగితే మాత్రం ఆ పదిహేను సినిమాల్లో సినిమా అన్నమాటకు పూర్తిగా తగింది ఇదే. నిబంధన ఒక్కటి కూడా తప్పలేదు. చివరికి అందరూ బతికే ఉంటారు, ఓడ కదులుతుంది, మాంగాలో ఏమీ మారదు. కానీ చూసినవాడి లోపల ఏదో మారుతుంది.

ఆ మరుసటి ఏడాదే హొసోడా ‘ది గర్ల్ హూ లెప్ట్ త్రూ టైమ్’ తీశాడు. తర్వాత ఆయన ‘మిరాయ్’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

రచయితే దిగొచ్చాడు

‘వన్ పీస్’ సినిమాలు మాత్రం చిక్కిపోతూ వచ్చాయి. కొత్త కథలు అచ్చిరాక 2007, 2008లో మాంగాలోని పాత ఘట్టాలనే మళ్లీ సినిమాగా తీశారు. వసూళ్లు దాదాపు వంద కోట్ల యెన్‌ల దగ్గరే తచ్చాడాయి.

అప్పుడు ఓడా రంగంలోకి దిగాడు. 2009 డిసెంబరులో వచ్చిన ‘స్ట్రాంగ్ వరల్డ్’ కథ స్వయంగా రాశాడు. వారం వారం ఇరవై పేజీలు గీస్తూనే! విలన్ షికీ కొత్తవాడే కానీ ఊడిపడినవాడు కాదు. పాత తరం సముద్రదొంగల చరిత్రలో అతనికి చోటు ఇచ్చి, ఆ చరిత్రను ‘సున్నా అధ్యాయం’గా మాంగాలోనే గీశాడు. దాంతో ఒక చిన్న పుస్తకం వేసి, ముందు టికెట్ కొన్న 15 లక్షల మందికి ఉచితంగా పంచారు. మాంగా అభిమానికి కావాల్సింది అదే. సినిమా చూడకపోతే కథలో ఒక ముక్క మనకు దక్కదన్న బెంగ! వసూళ్లు 480 కోట్ల యెన్‌లకు ఎగబాకాయి.

చిట్కా పనిచేసింది. ఆ తర్వాతి పెద్ద సినిమాలన్నింటిలోనూ ఓడా చెయ్యి ఉంది. 2012 నాటి ‘ఫిల్మ్ జెడ్’లో విలన్ ఒకప్పటి నౌకాదళ గురువు. సముద్రదొంగలు భార్యాబిడ్డలను చంపారు. మరొక దొంగ అతని చెయ్యి నరికి, శిష్యులను చంపాడు. ఆ దొంగకే ప్రభుత్వం పదవి కట్టబెట్టింది. ఇక చాలని సముద్రాన్నే తగలబెట్టడానికి బయల్దేరతాడు. న్యాయం అతని వైపే ఉందేమో అని మనకే అనుమానం వస్తుంది.

2022లో ‘ఫిల్మ్ రెడ్’ ఇంకో అడుగు వేసింది. షాంక్స్ అనే పాత్ర మొదటి అధ్యాయం నుంచీ ఉంది. లూఫీకి ఆ గడ్డి టోపీ ఇచ్చింది అతనే. పాతికేళ్లపాటు అతని ఇంటి సంగతులు పాఠకులకు తెలియవు. అలాంటివాడికి ఊతా అనే కూతురుందని సినిమాలో చెప్పారు. ఆమె గాయని. ఆమె పాట విన్నవాళ్లు నిద్రలోకి, అక్కడి నుంచి బాధల్లేని కలల లోకంలోకి వెళ్లిపోతారు. పాటలు పాడింది ఆదో. మొహం చూపించకుండానే జపాన్‌ని ఊపేసిన యువ గాయని. దర్శకుడు గొరో తానిగుచి. 1998లో, టీవీ సీరియల్ కంటే ముందే, ‘వన్ పీస్’కు మొదటిసారి యానిమేషన్ రూపం ఇచ్చినవాడు ఇతనే. వసూళ్లు సుమారు 2,000 కోట్ల యెన్‌లు. సినిమాగా చూస్తే రెండో సగం గందరగోళమే. పాటలు మాత్రం అదిరిపోయాయి, కాదనలేం.

ప్రత్యేకం మానేశారు, అసలే చూపించారు

‘డీమన్ స్లేయర్’వాళ్లు ఈ తంటా మొత్తాన్నీ పక్కకు నెట్టేశారు. కొయొహారు గొతోగె గీసిన ఈ మాంగా 2016లో మొదలై 2020 మేలో, 205 అధ్యాయాలతో ముగిసింది. జంప్‌లో శిఖరాన ఉండగా ముగించడం అరుదైన సంగతే. 2019లో యూఫోటేబుల్ స్టూడియో టీవీ సీరియల్ తీసింది. చివరి ఎపిసోడ్ ఎక్కడ ఆగిందో తెలుసా? హీరో తాంజిరో, అతని మిత్రులు రైలెక్కడంతో. ఆ రైల్లో ఏం జరిగిందో చూడాలంటే థియేటర్‌కి రావాలి. పక్క కథ లేదు, అతిథి విలన్ లేడు. ఏడు, ఎనిమిది సంపుటాల్లోని అసలు కథే సినిమా!

అదే హరువో సొతొజాకి దర్శకత్వంలో 2020 అక్టోబరు 16న వచ్చిన ‘ముగెన్ ట్రైన్’. కొవిడ్ వల్ల హాలీవుడ్ సినిమాలు వాయిదా పడి జపాన్‌లో తెరలు ఖాళీగా ఉన్నాయి, అదీ కలిసొచ్చింది. పది రోజుల్లో 1,000 కోట్ల యెన్‌లు. మియాజాకి ‘స్పిరిటెడ్ అవే’ 2001 నుంచి నిలబెట్టుకున్న రికార్డు ఆ డిసెంబరులోనే పోయింది. మొత్తం 404 వందల కోట్లు కాదు, లెక్క సరిగ్గా చెప్పాలంటే 4,040 కోట్ల యెన్‌లు.

ఈ సినిమాకు మొదలు లేదన్న ఫిర్యాదు నిజమే. అయితే అందులో ఒక ఘట్టం ఉంది. రైల్లోని రాక్షసుడు ప్రయాణికులకు తీపి కలలు ఇచ్చి నిద్రలోనే చంపుతుంటాడు. తాంజిరోకి కలలో ఇల్లు కనిపిస్తుంది. మంచు, పొయ్యి, అమ్మ, తమ్ముళ్లు, చెల్లెళ్లు. రాక్షసులు ఎప్పుడో చంపేసినవాళ్లంతా బతికి ఉంటారు. ఇది కల అని వాడికి తెలిసిపోతుంది. వెనక నుంచి చిన్న తమ్ముడు పిలుస్తుంటే, తిరిగి చూడకుండా ఏడుస్తూ మంచులో నడుచుకుంటూ పోతాడు. ఆ పిల్లాడెవరో, వాళ్లింట్లో ఏం జరిగిందో తెలియనివాళ్లకు కూడా గొంతు పట్టేస్తుంది. ఈ ఒక్క చోట హోంవర్క్ అక్కర్లేదు.

ఇంకో తేడా ఉంది. ఇక్కడ మనుషులు నిజంగా చచ్చిపోతారు. ఇంకా చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. అగ్నిలాంటి యోధుడు రెంగోకు రైల్లోని రెండు వందల మందిని కాపాడి, ఆఖర్న వచ్చిన అకాజా చేతిలో తెల్లవారుతుండగా ప్రాణం విడుస్తాడు. మాంగా చదివినవాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు. అయినా మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. ‘ఏమీ జరగకూడదు’ అన్న పాత నిబంధన తీసేస్తే జనం ఎలా వస్తారో తెలిసిపోయింది.

దాని ఫలితం కూడా ఉంది. 2021లో అదే సినిమాను ముక్కలు చేసి, ముందొక కొత్త ఎపిసోడ్ కలిపి ఏడు ఎపిసోడ్లుగా టీవీలో వేశారు. అంటే సినిమా, సీరియల్ మధ్య గీత చెరిగిపోయినట్టే. మిగతావాళ్లూ ఈ దారే పట్టారు. 2025లో వచ్చిన ‘చైన్‌సా మాన్’ సినిమా కూడా మాంగాలో ఒక ఘట్టమే. పక్క కథలు రాసే శ్రమ తప్పింది, డబ్బూ ఎక్కువే. ఇంకో హొసోడాకి చోటు దొరకడం మాత్రం ఇక కష్టం. ఏమీ మారకూడని చోట ఏదో ఒకటి చేసి చూపించాలన్న ఒత్తిడిలోంచే ఆ ‘బారన్’ పుట్టాడు. ఉన్న కథను ఉన్నట్టు గీయమంటే అలాంటిది రాదు.

‘ఇన్ఫినిటీ క్యాజిల్’ విషయానికొస్తే, కోట బొమ్మలకు కళ్లు తిరుగుతాయి. నిలువుగా, తలకిందులుగా అంతులేని గదులు. మాంగాలో పేజీ తిప్పితే అయిపోయే గతం ఇక్కడ ఫైటు మధ్యలో పది, పదిహేను నిమిషాలు సాగుతుంది. కత్తి గాల్లో ఉండగా ఫ్లాష్‌బ్యాక్! మొదటి రెండుసార్లు విసుగొస్తుంది. మూడోది అకాజాది. జబ్బుపడిన తండ్రి మందుల కోసం దొంగతనాలు చేసిన కుర్రాడు, ఆ అవమానంతో ఉరేసుకున్న తండ్రి, చేరదీసిన గురువు, ఆయన రోగిష్టి కూతురు, బావిలో విషం. ముందు సినిమాలో రెంగోకుని చంపినవాడి మీద కోపంతో వచ్చినవాళ్లే వాడి కోసం కళ్లు తుడుచుకుంటారు. పాత సినిమా చూడనివాడికి ఇందులో సగమే అందుతుంది. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లు కనీసం ‘ముగెన్ ట్రైన్’ అయినా చూసి వెళ్లడం మేలు.

ఏ సీజనూ చూడకుండా, ఏ హోంవర్కూ లేకుండా మాంగాలోంచి వచ్చిన సాహస కథ ఒకటి చూడాలంటే వెనక్కి వెళ్లాలి, 1984కి. మియాజాకి ‘నౌసికా’. విషపు అడవులు, రాక్షస పురుగులు, గాలిలో ఎగిరే ఒక రాజకుమారి. మాంగా లేని కథకు పెట్టుబడి పెట్టేవాళ్లు దొరక్క, మియాజాకి ముందు 1982లో ‘యానిమేజ్’ పత్రికలో దాన్ని బొమ్మల కథగా గీయడం మొదలుపెట్టాడు. రెండేళ్లకు సినిమా తీసేనాటికి కథ ఇంకా మొదట్లోనే ఉంది. అయినా సినిమాకు ముగింపు పెట్టేశాడు. రెండూ తనవే కాబట్టి అడిగేవాళ్లు లేరు. తర్వాత మళ్లీ మాంగా దగ్గర కూర్చుని, మధ్యలో ఆపుతూ, మొదలుపెడుతూ 1994లో పూర్తిచేశాడు. మొత్తం ఏడు సంపుటాలు. అందులోని ముగింపు సినిమాలోది కాదు. పదేళ్లలో ఆయనే మనసు మార్చుకున్నాడు.